తాతయ్య దిగిన చోటు: ఎట్ సీ

మొదటి రోజు, తాళ్ళరేవు

నల్లీ పోయిందనే అనుకున్నాం. పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేసినప్పుడు రేకుపెట్టెతో పాటు అదీ పాత సామాన్లవాడికి వెళ్ళిపోయిందని మా నాన్న చివరిదాకా బాధపడ్డాడు. తీరా చూస్తే పెద్దత్త దగ్గరుంది, ముప్పై ఏళ్ళుగా, ఆవిడ బీరువాలో పట్టుచీర మడతల మధ్య కలరా ఉండల వాసన పీలుస్తూ. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదత్తా అంటే "మీరెవరూ అడగలేదుగా" అంది. అంతే.

తెలియనివాళ్ళకి చెప్పాలి కదా, నల్లీ అంటే ఓడల్లో పనిచేసేవాళ్ళ సర్వీసు పుస్తకం. అసలు పేరు కంటిన్యువస్ డిశ్చార్జ్ సర్టిఫికెట్, ఇప్పటి కుర్రాళ్ళు సీడీసీ అంటారు, పాతవాళ్ళకి మాత్రం నల్లీయే. ఏ ఓడ, ఎక్కడ ఎప్పుడు ఎక్కాడు, ఎక్కడ ఎప్పుడు దిగాడు, పని ఎలా చేశాడు, నడవడి ఎలాంటిది, ఒక్కో ప్రయాణానికి ఒక్కో వరస. మా తాతయ్యది అరచేతికి కాస్త పెద్దగా ఉంది. అట్ట ఒకప్పుడు ఏ రంగో చెప్పలేం. లోపల మీసాలు అప్పుడే వస్తున్న కుర్రాడి ఫోటో, దాని కింద ఊదారంగు సిరాలో ఎడమ బొటనవేలి ముద్ర. గీతలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే బాబాయ్ తన వేలు తెచ్చి పక్కన పెట్టి పోల్చుకున్నాడు. ప్రతి వరస చివరా రెండేసి రబ్బరు ముద్రలు, వెరీ గుడ్, వెరీ గుడ్. పనికొకటి, నడవడికొకటి.

మొదటి వరసలో మాత్రం ముద్రల్లేవు. చేతిరాత. ఓడ పేరు మాల్డా. ఎక్కింది కలకత్తా, 1942 మార్చి. దిగిన తేదీ 6.4.42. దిగిన చోటు దగ్గర రెండే మాటలు: ఎట్ సీ.

సముద్రంలో దిగాడట! నేను పకపకా నవ్వాను, ఆ తర్వాత ఎవరూ నవ్వట్లేదని చూసి ఆపేశాను. అది గుమస్తా తప్పు కాదు, ఆ రోజుల్లో లెక్క అదే. ఓడ మునిగితే ఒప్పందం అక్కడితో సరి, అందుకని దిగిన చోటు సముద్రం అని రాస్తారు. పైన ఒక మూల ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో పాత పుస్తకం ఓడతో పాటు పోయినందున ఇది కొత్తగా ఇచ్చినది అని ఉంది. అంటే మా ఇంట్లో ఉన్న తాతయ్య చరిత్ర మునగడంతోనే మొదలవుతుంది. అంతకుముందు ఏ ఓడలెక్కాడో బంగాళాఖాతానికే తెలియాలి.

రెండో వరస 29.5.42. మళ్ళీ కలకత్తా, మళ్ళీ ఓడ. వేళ్ళ మీద లెక్కపెట్టాను, యాభై మూడు రోజులు. కాళ్ళ కింద నుంచి ఓడ పోయి, ప్రాణాలతో ఒడ్డుకొచ్చి, యాభై మూడు రోజుల్లో మళ్ళీ ఎక్కాడు. ఎందుకు? బాబాయ్ నన్ను చూశాడు, నేను పెద్దత్తని చూశాను, పెద్దత్త కాఫీ పెట్టడానికి లేచింది. ఈ ప్రయాణం అక్కడ మొదలైంది.

సాయంత్రం కోరంగి వైపు బండి మీద వెళ్ళాం. ఇప్పుడు జనం మడ అడవి చూడటానికి, చెక్కబాట మీద సెల్ఫీలు దిగడానికి వస్తారు. ఇదే కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుఫాను ఉప్పెనలు ఊరిని ఊడ్చేశాయి. రేవు పోయింది కానీ పేరు పోలేదు. బర్మాలో తెలుగువాళ్ళందరినీ, ఏ జిల్లావాళ్ళయినా సరే, కోరంగీలు అనే పిలిచేవారు. మా ముత్తాత రంగూన్ వెళ్ళొచ్చినవాడే. ఓడ అంటే మా ఇళ్ళల్లో బస్సు లాంటి మాట.

ఇంకో తమాషా. కలకత్తా, బొంబాయి రేవుల్లో ఇంగ్లీషు ఓడలెక్కిన మనవాళ్ళని తెల్లవాళ్ళు లాస్కర్లు అనేవారు. మా గోదావరి జిల్లాల్లో లస్కర్ అంటే కాలువ తూముల దగ్గర నీళ్ళు వదిలే ఇరిగేషన్ ఉద్యోగి. చిన్నప్పుడు స్కూల్లో మా తాతయ్య లస్కర్ అని చెబితే అందరూ మా చేలకి నీళ్ళు ఎక్కువొస్తాయనుకున్నారు. తాతయ్య ఎక్కినప్పుడు ఉత్త కళాసీ, నల్లీ ఆఖరి వరసకి వచ్చేసరికి తండేలు. పైన సరంగు, కింద తండేలు, వాళ్ళ కింద కళాసీలు. మా ఇంటిని ఇప్పటికీ తండేలు గారిల్లు అంటారు, తండేలంటే ఏంటో తెలియని పిల్లలు కూడా.

రెండో రోజు, కాకినాడ

ఎక్కువ చెప్పడానికి లేదు. జగన్నాయకపూర్ కాలువ ఒడ్డున పాత రేవు దగ్గర బోట్లు, ఐసు పెట్టెలు, డీజిల్ వాసన. పెద్ద ఓడలు ఆ రోజుల్లో దూరంగా లంగరేసుకుని ఉంటే సరుకంతా పడవల్లో వెళ్ళి ఎక్కేది.

ఇక్కడికి ఎందుకొచ్చామంటే నాన్నమ్మ కోసం. 1942 ఏప్రిల్ 6 సోమవారం, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులేసిన రోజు నాన్నమ్మ ఇక్కడే, చెల్లెలింట్లో ఉంది. అప్పటికి పెళ్ళయి ఏడాది. ఊరు ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని సామర్లకోట వైపు నడిచారని, దారిలో ఎవరో మజ్జిగ పోశారని చెప్పేది. బాంబు గురించి కంటే ఆ మజ్జిగ గురించే ఎక్కువ చెప్పేది. అదే రోజు మొగుడి ఓడ మునిగిందని ఆవిడకి తెలిసింది నెల తర్వాత. చిన్నప్పుడు ఇదంతా కలిపి కట్టిన కథేమో అనుకునేదాన్ని, ఒకే రోజు రెండూ ఎలా జరుగుతాయి అని. నల్లీలో తేదీ చూశాక నోరు మూసుకున్నాను.

గొట్టం కాజా అరకిలో కట్టించుకున్నాం. బాబాయ్‌కి షుగరు. కట్టించింది నా కోసమట.

మూడో రోజు, విశాఖపట్నం

విశాఖ మ్యూజియంలో ఆనాటి జపాన్ బాంబు ఒకటి పెట్టారు. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు, బాబాయ్ కూడా దిగాడు. నేను మాత్రం కాసేపు ఊరికే చూశాను. తుప్పుపట్టిన పెద్ద సిలిండర్‌లా ఉంది, ఇంతేనా అనిపించింది. బీచ్‌లో ఇసుక కోసుకుపోయినప్పుడల్లా బయటపడే కాంక్రీటు పిల్‌బాక్సు, అంటే సైనికులు లోపలుండి కాల్చే గది, కూడా ఆ రోజులదే.

ఆ వారం ఏం జరిగిందో ఇక్కడ చెప్పేస్తాను. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం, జపాన్ పెద్ద నౌకాదళం కొలంబో మీద పడింది. అదే సమయంలో అడ్మిరల్ ఒజావా ఇంకో దళంతో, ర్యుజో అనే చిన్న విమానవాహక నౌక, కొన్ని క్రూయిజర్లు వెంటబెట్టుకుని బంగాళాఖాతంలోకి వచ్చాడు. కలకత్తా రేవు నిండా సరుకు ఓడలు, యుద్ధనౌకల తోడు లేదు, అక్కడే ఉంచితే ప్రమాదమని వాటిని బయటికి పంపారు. తీరం వెంబడి దక్షిణానికి వస్తున్న ఆ ఓడల్ని ఒజావా దళం మూడు ముక్కలుగా విడిపోయి వేటాడింది. రెండు మూడు రోజుల్లో 20కి పైగా ఓడలు. విశాఖ, కాకినాడ మీద బాంబులు వేసింది ర్యుజో విమానాలు. విశాఖ రేవు అప్పటికి పసిది, మొదటి ఓడ జలదుర్గ లోపలికొచ్చింది 1933 అక్టోబరులోనే. సింధియా కంపెనీ షిప్‌యార్డుకి రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేసి ఏడాది కూడా కాలేదు. వైజాగ్‌లో సింధియా అంటే ఇప్పటికీ ఒక జంక్షను పేరు. ఆటోవాడిని అది ఏ సింధియా అని అడిగాను. "సింధియా అంటే సింధియానే మేడమ్" అన్నాడు.

మాల్డాని ముంచినవి విమానాలు కావు. కుమనో, సుజుయా అనే రెండు క్రూయిజర్లు, షిరాకుమో అనే డెస్ట్రాయరు, ఫిరంగులతో. ఆ పక్కనే ఆటోలికస్, షిన్‌క్వాంగ్ అనే ఓడలు కూడా పోయాయి. మాల్డా 9,066 టన్నుల ఓడ, 1922లో గ్లాస్గోలో కట్టింది, బ్రిటిష్ ఇండియా కంపెనీది. అంతకుముందు అదే పేరుతో ఆ కంపెనీకే ఇంకో ఓడ ఉండేది, దాన్ని 1917లో టార్పెడోతో ముంచారు. మునిగిన ఓడ పేరు మళ్ళీ పెట్టడమేంటో. మన ఇళ్ళల్లో పోయిన పిల్లాడి పేరు పెట్టుకుంటారు కదా అన్నాడు బాబాయ్. నిజమే, కానీ అది వేరు.

ఇవన్నీ ఎలా తెలిశాయంటే, లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో యుద్ధకాలపు ఓడల రాకపోకల కార్డులు ఉన్నాయి, బీటీ 389 అనే వరసలో. ఓడ పేరు కొట్టి కొద్ది పౌండ్లు కడితే ఇంట్లో కూర్చునే దింపుకోవచ్చు. సిబ్బంది జాబితాలు కావాలంటే బీటీ 381, అవి ఓడ అఫీషియల్ నంబరుతో వెతకాలి, అక్కడికి వెళ్ళి చూడాలి లేదా ఎవరికైనా డబ్బిచ్చి చూపించుకోవాలి. మీ ఇంట్లో నల్లీ ఉంటే ముందు ఆ నంబరు చూడండి, ఓడ పేరు పక్కనే ఉంటుంది. ఒకే పేరుతో నాలుగు ఓడలుంటాయి, నంబరు మాత్రం ఏ ఓడది దానికే.

నాలుగో రోజు, పూరీ

రాత్రి రైల్లో నిద్రలేదు. పై బెర్తులో ఎవరో తెల్లవార్లూ భజన పాటలు పెట్టుకున్నారు. రథయాత్ర అయిపోయి వారమైంది కాబట్టి రూము సులువుగానే దొరికింది, జగన్నాథుడి దర్శనం కూడా. బాబాయ్ దర్శనమైతే గానీ ఇంకో పని వద్దన్నాడు. ప్రసాదం తిన్నాక సముద్రం వైపు నడిచాం.

ఇంట్లో కథ ఇది: తాతయ్య మూడు పగళ్ళు మూడు రాత్రులు ఈదాడు, ఒడ్డున స్పృహ లేకుండా పడ్డాడు, కళ్ళు తెరిచేసరికి ఎవరో తెలుగులో మాట్లాడుతున్నారు, తను చచ్చి సొంతూరికి వచ్చేశాననుకున్నాడు. మూడు రాత్రులు ఈదడం మా నాన్నమ్మ కలిపింది. ఓడలు మునిగింది ఒడిశా తీరానికి మరీ దూరం కాదు, బతికినవాళ్ళు లైఫ్‌బోట్లలో ఒడ్డుకి చేరారు. తెలుగు మాట కూడా కలిపిందే అనుకున్నాను, పెంటకోట చూసేదాకా.

పూరీ బీచ్‌కి ఉత్తరం చివర పెంటకోట అని పెద్ద జాలరిపేట ఉంది. వేల మంది. అందరూ తెలుగే. ఎప్పుడో తరాల కింద శ్రీకాకుళం వైపు నుంచి చేపల వెంట వచ్చి ఉండిపోయినవాళ్ళు, ఒడియావాళ్ళు వాళ్ళని నోలియాలంటారు. సందులోకి అడుగుపెట్టగానే "ఒలే, నీల్లు పట్టీసినావా?" అని ఒకావిడ కేక. ఒళ్ళు ఝల్లుమంది. బడిలో ఒడియా, బజారులో ఒడియా, ఇంట్లో మాత్రం ఆ యాస అలాగే ఉంది, మా కోనసీమవాళ్ళు నవ్వే యాస, అంత తియ్యటి యాస.

వల బాగుచేస్తున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాం. డెబ్భై అయిదు దాటి ఉంటాయి. కాలి బొటనవేలికి వల కన్ను తగిలించి, ఎడమచేత్తో లాగి పట్టుకుని, కుడిచేతిలో నూలు చుట్టిన పుల్లతో ఒక్కో కన్నూ అల్లుతున్నాడు. మాతో మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు, కళ్ళు మాత్రం మా మీదే ఉన్నాయి.

"ఏ ఊరు బాబూ మీది?"

"తాళ్ళరేవండీ, కాకినాడ దగ్గర."

"మాది బారువ అనీవోడు మా తాత. నానెప్పుడూ సూడ్నేదు."

బాబాయ్ నల్లీ తీసి కథంతా చెప్పాడు. ఆయన నల్లీ ముట్టుకోలేదు, చేతులు తడి అని. ఓడలవాళ్ళు ఒడ్డుకొచ్చిన సంగతి తను వినలేదన్నాడు, యుద్ధమప్పటికి తను పుట్టనేలేదు. కాసేపు అల్లాక తలెత్తి అడిగాడు: "ఓడ ములిగిపోనాక జీతం ఇచ్చినారేటి?"

ఇద్దరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. నెల రోజులుగా ఓడల టన్నులు, క్రూయిజర్ల పేర్లు చదువుతున్నాను, ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. సముద్రం మీద బతికే మనిషికి మొదట తట్టింది.

కోణార్క్ వైపు చంద్రభాగ బీచ్‌కి కూడా వెళ్ళాం, మాల్డా మునిగిన చోటు అటే ఉంటుందని. అలలు పెద్దగా ఉన్నాయి, వర్షాకాలం కదా. చూడటానికేమీ లేదు. బాబాయ్ చెప్పులు విప్పి మడమల దాకా నీళ్ళలో దిగి, కొన్ని నీళ్ళు దోసిట్లో తీసుకుని వదిలాడు. తర్పణమా అంటే కాదు, ఊరికే అన్నాడు.

అయిదో రోజు

రైలు. వాన. హౌరా చేరేసరికి రాత్రి పది.

ఆరో రోజు, కలకత్తా

కోల్‌కతా అని రాయాలేమో, మా ఇంట్లో ఎవరూ అలా అనరు.

పొద్దున్నే ప్రిన్సెప్ ఘాట్ దాటి హేస్టింగ్స్‌లో లాస్కర్ స్మారకానికి వెళ్ళాం. విద్యాసాగర్ సేతు పక్కనే, హుగ్లీ ఒడ్డున, వంద అడుగుల కట్టడం. పైన చిన్న గుమ్మటం, నాలుగు మూలలా చిన్న మినార్లు, కింద నాలుగు వైపులా పాతకాలపు ఓడ ముక్కులు బయటికి పొడుచుకొచ్చినట్టు చెక్కారు. 1924లో అప్పటి బెంగాల్ గవర్నరు లార్డ్ లిట్టన్ ప్రారంభించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన 896 మంది కళాసీల కోసమని శిలాఫలకం మీద ఉంది, బెంగాల్, అస్సాం, ఉత్తర భారతం వాళ్ళు. మన వైపు ప్రస్తావన లేదు. అది అన్యాయమని నేననను. కలకత్తాలో ఓడలెక్కినవాళ్ళలో ఎక్కువమంది సిల్హెట్, నోవాఖాళి, చిట్టగాంగ్ వాళ్ళే, మా తాతయ్య లాంటివాళ్ళు వాళ్ళ మధ్య చారులో చింతపండంత.

రెండో యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు రాతి మీద లేవు, పుస్తకాల్లో ఉన్నాయి. చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఒకటి, ముంబైలో ఇంకొకటి. దాదాపు 6,000 మంది భారతీయ వర్తక నావికులు. లండన్‌లో టవర్ హిల్ దగ్గర వర్తక నావికుల పెద్ద స్మారకం ఉంది కానీ మనవాళ్ళ పేర్లు అక్కడ కాదు, ఇటు రాశారు. ఆ పేర్లు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటులో వెతుక్కోవచ్చు. మా తాతయ్య పేరు అందులో ఉండదు, బతికాడు కాబట్టి. ఒక రకంగా ఇదొక చిక్కు. పోయినవాళ్ళని వెతకడం తేలిక, బతికొచ్చినవాళ్ళని వెతకడమే కష్టం. వాళ్ళకి నల్లీ తప్ప ఏమీ లేదు, అదీ ఎవరో పట్టుచీరలో పెట్టుకుంటేనే.

పాత రికార్డులేమైనా ఉంటాయేమోనని ఒక ఆఫీసుకి వెళ్ళాం. పేరు చెప్పను. మూడు కౌంటర్లు తిప్పి, అన్నిటికంటే పాత రిజిస్టరు 1980లలోది అన్నారు. టీ మాత్రం ఇచ్చారు.

మధ్యాహ్నం కిదిర్‌పూర్. 1943 డిసెంబరు 5న పట్టపగలు జపాన్ విమానాలు బాంబులేసింది ఈ డాకుల మీదే. తాతయ్య అప్పుడు సముద్రం మీదున్నాడు, నల్లీ ప్రకారం రజూలాలో. మద్రాసు నుంచి మలయాకి మనవాళ్ళని మోసిన ఓడ అది, యుద్ధంలో సైనికుల్ని మోసింది. డాకుల వెనక సందుల్లో నడుస్తుంటే పైకప్పు రేకులు ఇంటికీ ఇంటికీ తగులుతూ, కింద బురద, వేయించిన చేపల వాసన. ఇలాంటి సందుల్లోనే అప్పట్లో కళాసీల బసలు ఉండేవి. పని దొరికేదాకా నెలల తరబడి అక్కడే అప్పు మీద తిండి, అప్పు మీద పడక. పని ఇప్పించేది ఘాట్ సరంగు, అతనికి ఇచ్చుకోవాలి. ఓడ మీద సరంగుకి ఇచ్చుకోవాలి. ఓడెక్కేసరికే మనిషి నెత్తిన కొన్ని నెలల జీతం అప్పుండేది. ఇక జీతమంటారా, తెల్ల నావికుడి జీతంలో నాలుగో వంతుకి అటూ ఇటూ. 1939లో యుద్ధం మొదలవగానే ఇంగ్లండు రేవుల్లో మన కళాసీలు వందల మంది ఓడ కదలనివ్వం అని కూర్చుంది దీని కోసమే. జైల్లో పెట్టారు, ఆ తర్వాత కొంత పెంచారు.

ఇదంతా నేను చెబుతూ నడుస్తున్నాను. బాబాయ్ ఉన్నట్టుండి ఆగి, "కొబ్బరితోట" అన్నాడు.

"ఏ కొబ్బరితోట?"

"మాకు కోరంగి దారిలో తోట ఉండేదటే. మా చిన్నప్పుడు ఆ పక్కగా వెళితే మా నాన్న తల తిప్పుకునేవాడు. తాకట్టు పెట్టాం, పోయింది అనేవాడు. దేనికి పెట్టాడో ఎప్పుడూ చెప్పలేదు."

ఎవరి దగ్గర పెట్టాడో, సరంగుకి ఇవ్వడానికేనో కాదో, రుజువేమీ లేదు. నల్లీలో అలాంటివి రాయరు. కానీ ఏప్రిల్ 6తో జీతం లెక్క ఆగిపోయి, తోట మీద వడ్డీ మాత్రం ఆగకపోతే, యాభై మూడు రోజులు ఎక్కువే అనిపించింది నాకు.

వాన పెద్దదైంది. ఒక కొట్టు చూరు కింద నిలబడ్డాం. బాబాయ్ నల్లీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దాన్ని తువ్వాలులో చుట్టి, చొక్కా లోపల పొట్టకి ఆనించి పెట్టుకున్నాడు. సంచీలో పెట్టుకోవచ్చు కదా అంటే వినలేదు.

రాత్రి హౌరా స్టేషన్లో పెద్దత్త ఫోన్. తోట సంగతి చెప్పాను. అటువైపు చాలాసేపు చప్పుడు లేదు, కట్ అయిందనుకున్నాను.

"మా అమ్మ గాజులు కూడా" అంది. తర్వాత వెంటనే, "అక్కడ వానలట కదా, టీవీలో చూపిస్తున్నారు. నల్లీ తడవలేదు కదా?"